నాలుగు గ్లాసుల నీళ్లతో గాజువాక నుంచి మహారాణిపేట దాకా

గాజువాక నుంచి మహారాణిపేటకి స్కానింగుకి వెళ్లే ఆడవాళ్లకి ముందుగా ఒక మాట. నీళ్లు ఇంటి దగ్గర తాగకండి. గంట ముందు నాలుగు గ్లాసులు తాగి బిగబట్టుకుని రమ్మంటుంది డాక్టరమ్మ. మూత్రసంచి నిండుగా ఉంటేనే ఆ యంత్రానికి అండం కనిపిస్తుందట. పోయిన నెల నేను బుద్ధిగా ఇంట్లోనే తాగి బస్సెక్కాను. పోర్టు రైలు గేటు దగ్గర గూడ్సు అడ్డం నిలబడింది. ఇక ఆగలేక దిగి, ముక్కూమొహం తెలియని వాళ్ల పెరట్లోకి పరుగెత్తాను. స్కానూ పోయింది, ఆ నెల మింగిన మాత్రలూ పొడిపించుకున్న సూదులూ వృథా అయ్యాయి.

మాకు పెళ్లయి ఆరేళ్లు. మా ఆయన ప్రకాశం మల్కాపురంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. మందులు ఈ ఒక్క నెలకే ఉన్నాయి. ఆపై కొనాలంటే కంపెనీ డిస్పెన్సరీ వాళ్లు పాత బిల్లులు చెల్లించాలి. అందుకని ఈసారి మరచెంబు నిండా నీళ్లు పట్టుకుని, బిల్లులూ, వాటితో పాటు చూపించకపోతే ఒప్పుకోని ఖాళీ ఇంజెక్షన్ డబ్బాలూ సంచిలో వేసుకుని ఏడుంబావుకి బస్సెక్కాను.

మల్కాపురంలో ఖాళీ చేపల తట్టతో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఏడూ నలభైకి గేటు పడింది. మూత తీయని చెంబు ఒళ్లో పెట్టుకుని, ఆ గూడ్సు పెట్టెలన్నీ దర్జాగా చూస్తూ కూర్చున్నాను. ఎనిమిదయ్యాక గేటు లేచింది. అప్పుడు మూత తీసి గటగటా తాగాను.

"ఏటమ్మా, పొద్దున్నే అన్నేసి నీళ్లు తాగేత్తన్నావు?" అంది ఆవిడ.

"స్కానింగుకి ఎల్తన్నాను. పిల్లల్లేరు, మందులు వాడతన్నాను."

"గట్టిగా సెప్పకమ్మా, బస్సంతా ఇంటన్నారు."

"ఇననీ. నానేటి దొంగతనానికి ఎల్తన్నానా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి నవ్వేసింది. తన స్టాపులో దిగుతూ కండక్టరుతో, "బాబూ, మజ్జిలో ఆపకుండా పోనీ. ఈ పిల్లకి తొందరున్నాది" అంది. అతనికేం అర్థమైందో గానీ, విజిలు రెండుసార్లు ఊదాడు.

బస్సు కాంప్లెక్సు దగ్గర దిగి రిక్షా ఎక్కాను. ఆ దారిలో ఎన్ని గోతులున్నాయో నన్నడగండి, చెబుతాను. ఆసుపత్రిలో తొమ్మిదికి రమ్మన్నవాళ్లు తొమ్మిదిన్నరైనా పిలవలేదు. లేచి నర్సు దగ్గరికెళ్లి, "ఇంకో పది నిమిషాలు ఆగితే ఈ గది మీరే కడుక్కోవాలి" అన్నాను. వెంటనే పిలిచారు.

డాక్టరమ్మ తెర వంక చాలాసేపు చూసింది. "ఒక అండం బాగా పెరిగింది. ఇంజెక్షన్ ఇప్పుడే వేసేద్దాం. రేపూ ఎల్లుండీ మీ ఆయన్ని నైట్ డ్యూటీకి వెళ్లొద్దను" అంది. ఆనందపడ్డాను, కానీ ముందు బాత్రూముకి పరుగెత్తాను. ఆ రెండు ఆనందాల్లో ఏది పెద్దదో ఇప్పటికీ చెప్పలేను.

కాంప్లెక్సులో ఇడ్లీ తిని, తిరుగు బస్సులో పన్నెండింటికి మల్కాపురంలో దిగి డిస్పెన్సరీకి వెళ్లాను. గుమస్తా ఖాళీ డబ్బాలన్నీ తిప్పి తిప్పి చూసి, కిటికీలోంచి వెనక్కి తోసేశాడు.

"ఇది జబ్బు కాదమ్మా. జబ్బుకే ఇస్తాం. కడుపొచ్చాక రా, పురుడు ఖర్చు రాస్తాను."

"నాకు జబ్బు లేదంటారా?"

"లేదు."

"అదే రాసివ్వండి."

నోటితో చెబితే చాలన్నాడు. నాకు చాలదన్నాను. వెనక వరసలో వాళ్లు గొణిగారు. నేను కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. భోజనానికి కిటికీ మూసేద్దామంటే నా చెయ్యి అడ్డం. ఒంటిగంటన్నరకి విసుక్కుంటూ లోపలికెళ్లి, అక్కడి డాక్టరు చేత రాయించి, సంతకం పెట్టించి, సీలు గుద్ది తెచ్చాడు. ఈమెకు చికిత్స అవసరమైన జబ్బేదీ లేదు, కనుక బిల్లు చెల్లించబడదు అని ఉంది.

రెండింటికి షిఫ్టు దిగిన మా ఆయన అక్కడి స్టాపులో నాతో పాటే బస్సెక్కాడు. కాగితం చదివి మొహం వేలాడేశాడు. "యూనియనోళ్లకిత్తాను, అప్పీలు రాత్తారు. ఇలా తే" అన్నాడు.

నేనివ్వలేదు. ఆరేళ్లుగా లోపం నాదేనన్నారు మా అత్తగారు. ఇరుగుపొరుగు అన్నారు. పసిబిడ్డని ఎత్తుకోబోతే చేతుల్లోంచి లాక్కున్నవాళ్లున్నారు. వినగా వినగా చివరికి నేనూ అదే అనుకున్నాను. నీలో జబ్బేదీ లేదని పరీక్షలన్నీ చేసిన డాక్టరమ్మ కూడా నాకింత ఖచ్చితంగా చెప్పలేదు. డబ్బు ఎగ్గొట్టడానికే కావచ్చు, ఇన్నాళ్లకి ఒక్కడు సంతకం పెట్టి మరీ చెప్పాడు.

"జిరాక్సు తీయించి ఇయ్యండి," అన్నాను, కాగితం జాకెట్టులో పెట్టుకుంటూ. "అసలుది నా దగ్గరే ఉంటాది."