ట్రాబ్జోన్ మఠానికి పోయే బస్సు

ఆ రోజుల్లో ఓడలో ఉద్యోగమంటే లోకమంతా ఊరికే చుట్టి రావడమే అనుకునేవాణ్ణి. ఎక్కాక తెలిసింది, ఖలాసీ చూసే లోకంలో సగం తుప్పు గోకడం. (మిగతా సగం రంగు వెయ్యడం.) అందుకే, మా ఓడ విశాఖలో సరుకెత్తుకుంటుండగా, ఈసారి టర్కీలో ట్రాబ్జోన్‌కి పోతామనీ, అక్కడ ఒక రోజంతా సెలవిస్తారనీ తెలిసేసరికి నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ జిల్లాలో అడవి మధ్య, నిట్టనిలువు కొండకి అతుక్కుని, వందల ఏళ్ల నాటి మఠం ఒకటుందట. ఆఫీసరొకాయన దాని బొమ్మ చూపించాడు. ఫొటోలు తెస్తానని వీధంతా చాటి, గాజువాక స్నేహితుడి కెమెరా అడిగి పుచ్చుకున్నాను.

కొత్తవాళ్లని ఒంటరిగా ఊళ్లోకి వదలరు. నాకు తోడు మా అక్క మొగుడు. అదే ఓడలో పెద్ద ఖలాసీ, ఫిషింగ్ హార్బర్ పక్కన పుట్టి పెరిగిన మనిషి. "నాను తీసుకెల్తాను గదేటి, నువ్వూరుకో," అన్నాడు. నమ్మాను. నాదే బుద్ధి తక్కువ.

బస్టాండుకి దారి చేపల రేవు పక్కనుంచే. అక్కడ పెట్టెలనిండా అచ్చం మన నెత్తళ్లే. ఒక ముసలాయన చిరిగిన వల ఒళ్లో వేసుకుని బాగుచేస్తున్నాడు. బావ ఆగిపోయాడు.

"సిరిగిన వల సూసి దాటెల్లిపోతే మనకి అచ్చిరాదురా. రెండు ముళ్లేసి వచ్చెత్తాను."

కూర్చున్నాడు. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు. బావ వేసిన ముడిని ముసలాయన విప్పి తన ముడి వేశాడు. బావ దాన్ని విప్పి మళ్లీ తనది వేశాడు. ఇద్దరికీ పౌరుషాలొచ్చాయి.

"బావా, బస్సెల్లిపోతంది."

"ఏటిరా తొందర? మటం పారిపోద్దేటి? కూకో. ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. అదీ నా రోషం. మధ్యాహ్నం రేవులోవాళ్లు వేయించిన నెత్తళ్లు, మొక్కజొన్న రొట్టె పెట్టారు. మండిపోతూనే తిన్నాను. (మూడుసార్లు పెట్టించుకుని.) పొద్దు వాలాక ఓడకి తిరిగొచ్చేశాం. 'నీ మొగుడు మనిషి కాదు' అని అక్కకి ఉత్తరం రాసి, నెల్లాళ్లు బావతో మాట్లాడలేదు. నా జన్మకి దొరికిన ఒక్క రోజుని వల పాలు చేశాడు కదా. ఇంటికొచ్చాక వీధిలో ఆ చేపల రేవు ఫొటోలే చూపిస్తే, "ఇదేటి, మన రేవే గదా," అని నవ్వారు. ఆ నవ్వులకి ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నాలుగేళ్లకి మళ్లీ అదే రేవు. బావ అప్పటికి ఓడలు మానేశాడు. ఆపేవాడు లేడు, రోజంతా నాదే. బస్టాండుకి బయల్దేరాను. ముసలాయన అక్కడే ఉన్నాడు. నన్ను పోల్చుకుని, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూశాడు. రాలేదని చేత్తో చెప్పాను. ఆయన కాస్త జరిగి చోటిచ్చాడు.

ఆ మఠం నేను ఇంతవరకూ చూడలేదు. రెండోసారికి ఎవర్ని తిట్టాలో తెలియక, దానిక్కూడా మా బావనే తిడుతుంటాను.