గేటు దగ్గరి బల్ల

నాచారం ఫ్యాక్టరీల మధ్య ఒక ఆఫీసు బిల్డింగు ఉంది. దాని గేటు పక్కన ఒకప్పుడు ఇనుప బల్ల ఉండేది. సాయంత్రం డ్యూటీ దిగిపోయే హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు సంచులు దానిమీద పెట్టి, తెరిచి చూపించి, అప్పుడు బయటికి పోవాలి. ల్యాప్‌టాప్ బ్యాగులు తగిలించుకున్న వాళ్లని మాత్రం ఆ బల్ల పలకరించేది కాదు. ఆ బిల్డింగుని ఇప్పుడు సారలమ్మ మనుషులు తుడుస్తున్నారు. బల్ల లేదు. క్లీనింగ్ వ్యాపారం ఎందుకు పెట్టావని సారలమ్మని అడిగితే పిల్లల చదువుల కోసమని చెబుతుంది. నమ్మకండి. ఆ బల్ల మీద కచ్చతో పెట్టింది.

అప్పట్లో ఆమె అక్కడే, ఫణీంద్ర అనే కాంట్రాక్టరు కింద పనిచేసేది. ఒకరోజు బిల్డింగు మేనేజరు వెంకటరామయ్య గారి వాచీ కనబడలేదు. పొద్దున ఆయన గది తుడిచింది సారలమ్మ. ఇంకేం కావాలి? సాయంత్రం ఆఫీసంతా ఇళ్లకు పోయే వేళ ఫణీంద్ర ఆమె సంచిని బల్లమీద బోర్లించాడు. అన్నం డబ్బా దొర్లింది, దువ్వెన పడింది, ఆడవాళ్లు నలుగురి కంటా పడకుండా దాచుకునే గుడ్డలూ పడ్డాయి. అందరూ గుడ్లప్పగించి చూశారు. సారలమ్మకి తల కొట్టేసినట్టయింది. తోటి పనామె రాములమ్మ ఒక్కతే ముందుకొచ్చి, కొంగు అడ్డం పెట్టి, అన్నీ ఏరి సంచిలో వేసింది.

"ఏంది సార్, నన్నొక్కదాన్నే గిట్ల జేస్తరా?" అంది సారలమ్మ.

"రూలమ్మా, అందరికీ ఒకటే. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు ఫణీంద్ర.

మర్నాడు ఆ వాచీ వెంకటరామయ్య గారి బ్యాగులోనే, పక్క అరలో దొరికింది. రాములమ్మ వచ్చి చెబితే తెలిసిందే తప్ప, పొరపాటైందమ్మా అని కబురు పంపినవాడు లేడు. పై అంతస్తులో కూర్చున్న పెద్దమనిషి మీద కోపం తెచ్చుకునేంత ధైర్యం అప్పటికి ఆమెకి లేదు. అందుకని మంటంతా ఫణీంద్ర మీదికే మళ్లింది. మన కోపాలు ఎక్కువగా చేతికందే వాడిమీదే కదా పడేది!

"గదే గేటుకాడ, గదే బల్లమీద, వాని సంచి నేను గుమ్మరిస్త సూడు," అంది మొగుడు కొమురెల్లితో.

"కచ్చతోని బతుకు నడుస్తదానే?" అన్నాడు కొమురెల్లి.

నడవడమేమిటి, ఉరికింది. మొదట ఉప్పల్‌లో ఒక పంటి దవాఖానా తుడిచే కాంట్రాక్టు దొరికింది, తర్వాత ఒక ఫంక్షన్ హాలు. కొమురెల్లి ఉప్పల్ నుంచి నాచారానికి షేర్ ఆటో నడుపుతాడు. బకెట్లు, మాపులు, ఎవరో వాడి పడేస్తే బాగుచేయించుకున్న నేల రుద్దే మిషను, అన్నీ ఆ ఆటోలోనే తిరిగేవి. ఆమె ఆఫీసు కూడా ఆ ఆటోనే. పొద్దుటి ట్రిప్పులో మొగుడి పక్కన ఇరుక్కుని కూర్చునేది. వెనక సీట్లో ఫణీంద్ర దగ్గర పనిచేసే ఆడవాళ్లు ఎక్కేవాళ్లు.

"ఫినాయిలు ఒడిసింది, ఉత్త నీళ్లతోనే తుడుస్తున్నం," అనేది ఒకామె.

"లిఫ్టుకాడ కంపు కొడ్తున్నదని మా సారు మస్తు గరమైండు," అనేది ఇంకొకామె.

సారలమ్మ ఏమీ పట్టనట్టు రోడ్డుకేసి చూసేది. మధ్యాహ్నానికి ఇస్త్రీ చీర కట్టుకుని సరిగ్గా ఆ గరమైన సారు ముందు ప్రత్యక్షమయ్యేది. "మీ లిఫ్టుకాడ వాసన రాకుంట నేను జూస్త సార్." నీకెవరు చెప్పారమ్మా అంటే నవ్వేది. అలా ఫణీంద్ర చేతిలోని బిల్డింగులు ఒక్కొక్కటే ఆమె చేతికొచ్చాయి. అక్కడి ఆడవాళ్లని తీసేయకుండా తనతోనే ఉంచుకునేది. ఒక్కో బిల్డింగు వచ్చిన రోజు ఇంట్లో కోడికూర.

చివరికి ఆ బిల్డింగు కూడా వచ్చింది. వెంకటరామయ్య గారు ఆమెని గుర్తే పట్టలేదు.

"పాత రూల్సన్నీ అలాగే ఉండాలమ్మా, గేటు దగ్గర బ్యాగుల చెకింగుతో సహా," అన్నారు.

"ఉండనియ్యిండ్రి సార్, మంచిగ ఉండనియ్యిండ్రి," అని ఎగిరి ఒప్పుకుంది. ఆ క్షణాన ఆమె కళ్లముందు ఒక్కడి సంచే ఉంది.

ఫణీంద్ర పని అప్పజెప్పి పోయే సాయంత్రం ఆమె బల్ల దగ్గర నిలబడింది.

"సంచి బల్లమీద వెట్టుండ్రి సార్."

"నాదా?"

"రూల్ గదా. అందరికి ఒకటే."

తీసుకుని బోర్లించింది. కళ్లజోడు పెట్టె, పులిహోర డబ్బా, బీపీ మాత్రలు. మాత్రలు కింద పడ్డాయి. ఫణీంద్ర వంగి ఏరుకున్నాడు. ఆమెకి జాలేసిందని రాస్తే బాగుండేది గానీ, వెయ్యలేదు. కడుపు చల్లబడింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు సాయంత్రం ఆమె మనుషులే బల్ల ముందు వరసకట్టారు. అందరికన్నా ముందు రాములమ్మ. సంచి పెట్టి, తనే డబ్బా తీసి, దువ్వెన తీసి పక్కన పెట్టింది.

"సూడు బిడ్డా," అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉన్నా సారలమ్మ ఓర్చుకునేది. లేదు. ఉన్నది అలవాటు. ఆ రోజు కొంగు అడ్డం పెట్టిన మనిషి ఇవాళ తన ముందు సంచి విప్పింది. ఒక్కడి సంచి కోసం వీళ్లందరి సంచులకీ తనే ఒప్పుకుంది. సారలమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గులోంచి మళ్లీ కోపం లేచింది. ఈసారి అది పై అంతస్తు దాకా పోయింది.

"ఆగుండ్రి. ఎవ్వలు సంచి తెరవొద్దు," అంది.

అప్పుడే వెంకటరామయ్య గారు లిఫ్టు దిగి వస్తున్నారు, భుజానికి బ్యాగుతో. సారలమ్మ అడ్డంగా వెళ్లి నిలబడింది. రాములమ్మ ఆమె మోచేయి పట్టి లాగింది.

"వద్దు బిడ్డా, పని వోతది. మా అందరిది వోతది."

సారలమ్మ ఒకసారి వెనక్కి తిరిగి వరసకేసి చూసింది. అయినా కదల్లేదు.

"సార్, మీ బ్యాగు బల్లమీద వెట్టుండ్రి."

"నాదేంటమ్మా!" అని ఆయన నవ్వారు.

"మీకు యాది లేనట్టుంది. మీ వాచీ వోయిందని నా సంచి గీ బల్లమీదనే గుమ్మరిచ్చిన్రు. నా గుడ్డలు గూడ అందరు జూసిన్రు. ఆ వాచీ మీ బ్యాగులనే దొర్కిందట గదా. ఆ దినం జూడాల్సింది ఒక్కటే బ్యాగుండె సార్. గదొక్కటే ఎవ్వలు సూడలే."

ఇళ్లకు పోయేవాళ్లంతా ఆగిపోయారు. వెంకటరామయ్య గారు చుట్టూ చూశారు. ఒక్కరు నవ్వినా తనూ నవ్వేసి వెళ్లిపోదామని ఆయన చూపు. ఒక్కరూ నవ్వలేదు. బ్యాగు మెల్లగా దించి బల్లమీద పెట్టారు, జిప్పు తీశారు.

"పక్క అర గూడ సార్," అంది సారలమ్మ.