వీపు మీద చెయ్యి

మా అమ్మది గట్టి చెయ్యి. పూర్ణా మార్కెట్‌లో ఏళ్ల తరబడి చేపలు కోసిన చెయ్యి. అది నా వీపు మీద పడితే చప్పుడు పక్క కొట్టుదాకా వినపడేది.

పన్నెండేళ్లొచ్చాక సెలవు రోజుల్లో నేనూ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లేదాన్ని. ఆటో దిగి మార్కెట్‌లోకి నడిచేటప్పుడు ఒక తట్ట నా నెత్తిన పెట్టేది అమ్మ. అది ఎప్పుడూ కుడి పక్కకే ఒరిగేది. ఐసు నీళ్లు భుజం మీదుగా కారి బట్టలు తడిసిపోయేవి. మా వీధి ఆడవాళ్లు తట్ట ఎత్తుకుంటే చుక్క నీరు కింద పడదు. అది వాళ్ల గొప్ప. నేనిలా ఒలకబోసుకుంటూ నడిస్తే అమ్మకి తలవంపులు.

"ఏటే ఆ వంకర నడక? తిన్నగా నడు, సచ్చినదానా!" అని రెండు జబ్బల మధ్యన ఒక్కటి వేసేది. ఈడొస్తున్న పిల్ల సిగ్గుతో వంగిపోతోందనుకుంది. నేనూ అదే అనుకున్నాను. తిన్నగా నడవడానికి ఎంత తంటాలు పడ్డానో ఆ దేవుడికే తెలియాలి. ఏడాదిన్నర ఆ దెబ్బలు తిన్నాను.

బడిలో ఆటల టీచరు మమ్మల్ని వరసగా ముందుకి వంగమన్నప్పుడు నా వీపు ఒక పక్క మూపురంలా లేచింది. ఆసుపత్రికి తీసుకెళ్లమని ఆవిడే అమ్మని పిలిచి చెప్పింది.

డాక్టరు నా వెన్నెముక ఎక్స్‌రే వెలుగులో పెట్టాడు. అక్షరం ముక్క రాని మా అమ్మకి ఆ బొమ్మ ఎవరూ వివరించక్కర్లేకపోయింది. అప్పుడప్పుడు వలలో వెన్నుముల్లు వంకర తిరిగిన చేప ఒకటి పడుతుంది. కొనేవాళ్లు దాన్ని ముట్టరు. అమ్మ నీళ్లలో తడిమే కనిపెట్టి, ఇంటి కూరకని పక్కన పడేసేది.

"సేప ముల్లు వంకరైతే సేతికి తెలిసిపోద్ది నాకు. నా పిల్ల ముల్లు తెలవలేదు బాబూ," అంది. "నాను కొట్టబట్టే ఇలగయిపోనాది."

"కొడితే రాదమ్మా ఇది. ఎందుకొస్తుందో మాకే తెలీదు. నీ తప్పేం లేదు," అన్నాడు డాక్టరు. మళ్లీ మళ్లీ చెప్పాడు పాపం. అమ్మ చెవికెక్కలేదు. ఆ రోజు నుంచి ఆమె నా వీపు ముట్టుకోలేదు.

వెన్ను తిన్నగా నిలబెట్టే ఆపరేషన్ అయి మెలకువ రాగానే కాలి వేళ్లు కదపమన్నారు. కదిపాను. అందరూ సంతోషించారు, నేను తప్ప. వీపులో రెండు కడ్డీలు, వాటిని పట్టి ఉంచే మరలు. అంతవరకూ నేను నొప్పి అనుకున్నవేవీ నొప్పులు కావు. ఇద్దరు నర్సులు నన్ను దుంగలా పక్కకి దొర్లిస్తుంటే "అమ్మా, పట్టుకోవే!" అని అరిచేదాన్ని. అమ్మ వచ్చి నా పాదాలు పట్టుకునేది. పాదాలేం చేసుకోను? మండిపోతున్నది వీపు కదా!

ఇంటికొచ్చాక వీపు తుడవడానికి పెద్దమ్మ వచ్చేది. అమ్మ గుమ్మం బయట నిలబడి "మెల్లగా, మెల్లగా" అనేది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ "ఓలమ్మో, ఎంత పొడుగైపోనాదో పిల్ల! తాటిసెట్టులాగ నిలబడింది!" అని మురిసిపోయారు. అవును మరి, నిలబడ్డాను. వంగలేను. కత్తిపీట ముందు కూర్చుని చేప కొయ్యలేను. తట్ట ఎత్తకూడదన్నారు. అమ్మతో మార్కెట్‌కి నడిచే పనే లేకుండా పోయింది.

ఆపరేషన్ అయిన నాలుగో నెలలో ఒక రోజు కావాలనే ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని వాకిట్లో అమ్మ ముందు నడిచాను. కొట్టాలి. ఒక్క దెబ్బ వేస్తే మళ్లీ మామూలుగా అయిపోతామనుకున్నాను. ఆమె పరిగెత్తుకొచ్చి తట్ట దించి, నా ముందు రెండు చేతులూ జోడించింది.

"నీకు దణ్ణమెడతాను తల్లీ, ఎత్తకు."

కన్నతల్లి నాకు దణ్ణం పెట్టడమేమిటి! నా వంకర వీపు నాకిచ్చెయ్యండని ఆ పూటంతా ఏడ్చాను.

తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు నా వీపు మీద దూదితో రాసి, "తెలుస్తోందా?" అన్నాడు. తెలియలేదు. కోసిన చోట చర్మానికి స్పర్శ పోయిందట. తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు. అమ్మ పక్కనే ఉంది. అంతా విన్నది.

ఆ వారమే, బీరువా అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడ్డాను. తిన్నగా ఉన్న వీపుని అలా చూసుకోవడం అప్పటికి అలవాటైంది. అమ్మ వెనకాల నించుని జడ వేస్తోంది. ఉన్నట్టుండి దువ్వెన ఆగిపోయింది. చిక్కు పడిందేమోనని అద్దంలోకి చూశాను. ఆమె అరచెయ్యి నా వీపు మధ్యన, ఆ కోత మీద ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ఏమో. నాకు తెలియదన్న ధైర్యంతోనే వేసింది.

కదిలితే తీసేస్తుందని ఊపిరి బిగపట్టాను. ఆ చేతి వెచ్చదనం ఏ మూలైనా తగులుతుందేమోనని వీపంతా వెతుక్కున్నాను. ఏమీ లేదు. చెయ్యి తీసేసిన సంగతి కూడా అద్దంలో చూసే తెలుసుకున్నాను.