అక్కకు తోడు

సైకిల్ గంటలు మోగించుకుంటూ ఆడపిల్లలు దొరవారిసత్రం బడికి పోతుంటే అక్క గుర్తొస్తుంది.

అప్పట్లో మా ఊరి ఆడపిల్ల పొరుగూరి బడికి పోవాలంటే మగతోడు ఉండాల్సిందే. తొమ్మిది చదివే అక్కకు ఆరు చదివే నేనే కాపలా వీరుణ్ణి. కుక్క మొరిగితే ఆమె వెనకే దాక్కునేవాణ్ణి.

లెక్కలకు భయపడి నేను బడి మానేశాను. "తోడు లేకుండా ఆడపిల్ల ఎట్టా పోద్ది?" అని నాన్న అక్కనూ మాన్పించాడు.

"నా పుణ్యాన నీకూ సెలవులే అక్కా!" అని గంతులేశాను.

"రేపట్నుంచి రా అబ్బయా, నీ లెక్కలన్నీ నేనే చేసిపెడతా," అంది అక్క.

నవ్వేసి గోలీలాటకు పరుగెత్తాను.

ఈనాటికీ ఆ సైకిల్ గంటలు వినగానే నా కాళ్లు చెప్పులు వెతుక్కుంటాయి, ఇప్పుడైనా అక్క వెంట పోదామని. ఆ పిల్లలు నవ్వుకుంటూ నన్ను దాటిపోతారు. వాళ్లకు నా తోడు అక్కర్లేదు.