పెద్ద ఫండ్ కొన్నదట!

పొద్దుగాల కరీంనగర్ నుంచి మా బామ్మర్ది ఫోన్ చేసిండు. "బావా, ఆ సిమెంట్ కంపెనీల ఏదో పెద్ద మ్యూచువల్ ఫండ్ లక్షల షేర్లు ఒక్కపారే కొన్నదట, జల్ది కొను!" హుజూరాబాద్‌ల నా పత్తి దుకాణంల కూసొనే కొన్న. పగటీలికి ధర దబ్బున పడ్డది. మల్ల ఫోన్ చేసిన.

"గన్ని షేర్లు వాళ్లకు అమ్మినోడు ఎవడురా?"

"కంపెనీ ఓనరే బావా. ధర తగ్గించి ఇచ్చిండట."

"పొద్దుగాల చెప్పలేదేంరా?"

"నువ్వు అడుగలే కద!"

మా మార్కెట్ యార్డుల పత్తి కుప్ప ఎవరిదో అడగకుండ ఎవ్వడు వేలం పాట పాడడు. గా మాట నేనే మరిచిన, సరే.

"మరి నువ్వెన్ని కొన్నవ్‌రా?"

"నా దగ్గరున్నయి పొద్దుగాలనే అమ్మిన బావా, అప్పుడు మంచి ధర ఉండె."

దసరాకు ఇంటికొస్తడట. తలుపు తీయాల్నా, వద్దా? మీరే చెప్పున్రి.