షెడ్డు ఫోను తీగ

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మోడెం అంటే జనానికి ఇంటర్నెట్ కోసం కీచుమని అరిచే డబ్బా. నేను బిగించేది ఇంకో రకం. అది టెలిఫోన్ ఎక్స్ఛేంజీ దాకా పోదు. ఒకే ప్రహరీ లోపల ఈ కొస నుంచి ఆ కొసకు, మామూలు రాగి తీగల మీద కంప్యూటర్ అక్షరాలను మోసుకుపోతుంది, అంతే. కంప్యూటర్ వెనకున్న సీరియల్ పోర్టుకు ఉత్త కేబుల్ తగిలిస్తే యాభై అడుగులు దాటేసరికి అక్షరాలు చెదిరిపోయేవి. అంతకన్నా దూరం కావాలంటే ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, సబ్బుపెట్టె అంతున్న షార్ట్ రేంజ్ మోడెంలు పెట్టాలి.

అప్పటికి రాయపూర్ కొత్త ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి రాజధాని అయి రెండేళ్లయింది. శంకర్ నగర్‌లో కంప్యూటర్లు అమ్మి బిగించే ఒక చిన్న కంపెనీలో నాకు పని దొరికింది. నాన్నది రైల్వే. మా వాళ్లది విజయనగరం వైపు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి చేరిన నేను ఆ ఆఫీసులో సైట్లకు వెళ్లే ఆడపిల్లను ఒక్కదాన్నే. మా యజమాని కొత్త కస్టమర్లకు నన్ను "హమారీ లేడీ ఇంజనీర్" అని నవ్వుతూ పరిచయం చేసేవాడు. పని కాస్త ఆలస్యమైతే అదే నవ్వుతో "లడ్కీ హై నా" అనేవాడు. ఆడపిల్ల కదా అనే ఆ మాట పడకూడదని ఒకటి గట్టిగా అనుకున్నాను. వెళ్లిన చోట పని పూర్తి కాకుండా తిరిగి రాకూడదు. ఇప్పుడు తలుచుకుంటే నా పట్టుదల మీద నాకే ఏవగింపుగా ఉంటుంది.

ఊరి బయట ఒక ఉక్కు కర్మాగారం. పాత ఇనుము కరిగించి దిమ్మెలు పోసేవాళ్లు. కరిగించే ఫర్నెస్ షెడ్డు ఒక మూల, ఆఫీసు గేటు పక్కన. మధ్యలో దాదాపు కిలోమీటరు దూరం. షెడ్డుకు ఆనుకుని ఒక చిన్న ల్యాబ్ ఉండేది. కరిగిన లోహంలో ఏది ఎంత శాతం ఉందో అక్కడి యంత్రం లెక్కగట్టి కాగితం మీద అచ్చు వేసేది. ఆ కాగితాన్ని ఒక మనిషి సైకిల్ మీద ఆఫీసుకు తీసుకెళ్లేవాడు. ఇకమీదట ఆ అంకెలు నేరుగా ఆఫీసు కంప్యూటర్లో కనపడాలన్నారు. సోమవారం ఫ్యాక్టరీ యజమాని వచ్చి చూస్తాడు. నేను గురువారం పొద్దున రెండు మోడెంలు సంచీలో వేసుకుని బస్సు దిగాను.

షెడ్డులో పగటి షిఫ్టు ఇన్‌ఛార్జి తెలుగాయనే. పలాస దగ్గర ఊరు. యాభై దాటిన మనిషి, వేడికి ముఖం రాగిచెంబులా మారిపోయింది. నేను ల్యాబ్ గుమ్మం దగ్గర మా కంపెనీ ఇచ్చిన సెల్‌ఫోనులో అమ్మతో రెండు ముక్కలు తెలుగులో మాట్లాడటం విని దగ్గరికొచ్చాడు.

"ఏ ఊరు తల్లీ మనది?"

చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "మన పక్కేనేటి! మరి సెప్పవేటి ఇందాకట్నుంచి? ఆ హెల్మెట్ ఎట్టుకో ముందు. ఇక్కడ ఇనప ముక్కలు ఎగుర్తాయి."

మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బాలోంచి చారన్నం, వంకాయ కూర నాకూ పెట్టాడు. ఆ షెడ్డు మొత్తంలో ఆడవాళ్లకు బాత్రూం లేదని తెలిసి, ల్యాబ్ వాళ్లతో మాట్లాడి వాళ్ల లోపలి బాత్రూం తాళం ఇప్పించాడు. ఆయన్ని బాబాయ్ అని పిలవడానికి నాకు ఒక్క పూట కూడా పట్టలేదు.

ఫ్యాక్టరీ కొత్త కేబుల్ వెయ్యనంది. ఆఫీసు నుంచి షెడ్డుకు భూమిలో ఎప్పుడో పాతిన టెలిఫోన్ కేబుల్ ఉంది, అందులో పది జతల తీగలున్నాయి, వాటితోనే కానిమ్మన్నారు. రెండు రోజులు మీటరు పట్టుకుని ఒక్కో జతా పరీక్షించాను. దారిలో ఎక్కడో జాయింటులోకి నీళ్లు దిగాయి. ఎనిమిది జతలు పనికిరావు. మిగిలిన రెండింట్లో ఒకటి ఖాళీ. రెండోది షెడ్డు ఫోనుది.

మా యజమాని కొన్న మోడెం రకానికి రెండు జతలు కావాలి, పంపడానికి ఒకటి, అందుకోవడానికి ఒకటి. ఒకే జత మీద నడిచే మోడెంలు కూడా ఉన్నాయి. అవి నాగ్‌పూర్ నుంచి రావాలి. పది రోజులు పడుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఫ్యాక్టరీ కంప్యూటర్ విభాగం మేనేజర్‌కు ఫోన్ చేసి పరిస్థితి చెప్పాను. "షెడ్ వాలా ఫోన్ కాట్ దో. నయీ కేబుల్ హఫ్తే భర్ మే డల్వా దూంగా," అన్నాడు. షెడ్డు ఫోను తీసెయ్యమని, వారంలో కొత్త కేబుల్ వేయిస్తాడట. కాగితం మీద రాసివ్వమని అడగాలని నాకు తోచింది. అడగలేదు.

షెడ్డు గోడకున్న డబ్బా తెరిచి ఆ జత ఊడదీస్తుంటే బాబాయ్ వచ్చాడు.

"ఏటి తల్లీ, అది మా ఫోను కాదేటి?"

"వారం రోజులే బాబాయ్. కొత్త కేబుల్ వేస్తామన్నారు."

"వారం మాట సరే. ఈలోపు ఏదైనా ఐతే? డిస్పెన్సరీ గేటు కాడుంది, బండీ అక్కడే ఉంది. మేం ఎలా కబురెట్టేది?"

"మేనేజర్ గారే తీయమన్నారు."

ఆయన కాసేపు నా చేతిలో తీగల వైపు చూశాడు. "సర్లే, నీ పని ఆగకూడదు గదా. తొందరగా ఏయించమని సెప్పు," అని వెళ్లిపోయాడు. నా పని ఆగకూడదని ఆయన ఒప్పుకున్నాడు. ఆ సంగతే నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది.

శనివారం సాయంత్రానికి బిగించేశాను. అవతలి మోడెం మీద టెస్టు మీట నొక్కి ఉంచి, ఆఫీసులో కూర్చుని అక్షరాలు కొట్టాను. నేను కొట్టిన ప్రతి అక్షరం కిలోమీటరు పోయి తిరిగొచ్చి తెర మీద వాలింది. వేగం ఎక్కువ పెడితే చెత్త వస్తోంది, తగ్గించాను. తర్వాత ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. సోమవారం ఫ్యాక్టరీ యజమాని తెర మీద అంకెలు చూసి తల పంకించాడు. మేనేజర్ పని పూర్తయినట్టు టైపు చేసిన రిపోర్టు నా ముందు పెట్టాడు. అందులో "కేబుల్లోని రెండు ఖాళీ జతలు వాడబడినవి" అని ఇంగ్లీషులో ఉంది. చదివాను. సంతకం పెట్టాను. మా యజమాని ఆ రోజు లేడీ ఇంజనీర్ అన్నప్పుడు నవ్వలేదు.

వారం గడిచింది. నెల గడిచింది. మేనేజర్‌ను ఒకసారి కేబుల్ గురించి అడిగాను. "హో జాయేగా" అన్నాడు. అయిపోతుందిలే అని. మళ్లీ అడగలేదు. నాకు వేరే సైట్లు వచ్చాయి.

జూలైలో వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం తడిసిన ఇనుప తుక్కును ఫర్నెస్‌లో వేశారు. తడి ఇనుము మరిగే లోహంలో పడితే నీరు ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. పేలింది. కరిగిన లోహం ఎగిరి, దగ్గరున్న ఒక ఛత్తీస్‌గఢీ కార్మికుడి ముఖం, మెడ, భుజం మీద పడింది. ఇదంతా నాకు ల్యాబ్‌లో పనిచేసే అతను తర్వాత చెప్పాడు. ఆ అదురుకు బాబాయ్ అలవాటు కొద్దీ పరిగెత్తి గోడ మీది ఫోను ఎత్తాడట. మూగగా ఉన్న ఫోనును చెవికి పెట్టుకుని రెండు సార్లు "హలో హలో" అన్నాడట. అప్పుడు గుర్తొచ్చి, దాన్ని వదిలేసి వానలో సైకిలెక్కాడు. సెల్‌ఫోన్లు అప్పటికి షెడ్డులో ఎవరి దగ్గరా లేవు. రోడ్డంతా బురద. బండి వచ్చి, మనిషిని ఎక్కించుకుని గేటు దాటేసరికి అరగంట పైనే అయింది. పక్క ల్యాబ్‌లో నా మోడెం మాత్రం పచ్చ దీపం వెలిగించుకుని అంకెలు పంపుతూనే ఉంది.

మనిషి బతికాడు. ఒక కన్ను పోయింది. తొందరగా తీసుకొచ్చి ఉంటే అది దక్కేదేమో అని ఆసుపత్రిలో ఎవరో అన్నారట.

విచారణ మొదలైంది. మేనేజర్ నా రిపోర్టు బయటపెట్టాడు. ఫోను తీగలు ఎవరూ ముట్టుకోలేదు, ఖాళీ జతలే వాడారు, ఇదిగో సంతకం. ఫోను పాడైతే షిఫ్టు ఇన్‌ఛార్జి రాసిపెట్టాలి కదా, ఎందుకు రాయలేదు? తడి తుక్కు ఎందుకు వేయనిచ్చాడు? తప్పంతా ఆయనదే అని తేల్చడానికి దారి పడింది.

బాబాయ్ శంకర్ నగర్‌లో మా ఆఫీసుకు వచ్చాడు. గొడుగు బయట పెట్టి, చెప్పులు కూడా విప్పి లోపలికొచ్చాడు.

"తల్లీ, ఒక్క లైను రాసియ్యి. మేనేజర్ సెప్తే షెడ్డు ఫోను తీగ నువ్వు తీసినావని. అంతే సాలు. తడి తుక్కు సంగతి నేను సూసుకుంటాను, అది నా తప్పే."

"మా సార్‌ని అడిగి చెప్తాను బాబాయ్."

"అడుగు, అడుగు. గురువారం విచారణ ఉంది. దానికి ముందు ఇచ్చియ్యి."

మా యజమానిని అడిగాను. ఆయన కోప్పడలేదు కూడా. "ఫ్యాక్టరీ వాళ్లు మన కస్టమర్లు. ఆ ముసలాయన మనకేం కాడు. నీ సంతకం ఉంది, ఇప్పుడు మాట మారిస్తే నీ మీదికే వస్తుంది," అని హిందీలో చెప్పి తన పనిలో పడ్డాడు. ఆయన చెప్పిన దాంట్లో చివరి ముక్క ఒక్కటే నా చెవిలో ఉండిపోయింది. ఇంటికెళ్లి నాన్నకు చెబుదామనుకున్నాను. నాన్న రాసివ్వమనేవాడు. అందుకే చెప్పలేదు.

బుధవారం బాబాయ్ మళ్లీ వచ్చాడు. అద్దం లోంచి ఆయన మెట్లెక్కడం చూసి, రిసెప్షన్‌లో అమ్మాయితో నేను లేనని చెప్పించాను. చెక్క అడ్డుగోడ వెనక కూర్చున్నాను. ఆయన గంటసేపు కూర్చున్నాడు. ఒకసారి దగ్గాడు. ఒకసారి నీళ్లడిగాడు. లేచేముందు ఆ అమ్మాయితో హిందీలో, "మేడమ్ సే బోల్నా, మై ఆయా థా," అన్నాడు. నేను వచ్చానని మేడమ్‌తో చెప్పమని. అప్పటిదాకా ఆయన నోట నేను తల్లినే. ఆ మేడమ్ అన్న మాట విన్నాక నాకు అర్థమైంది, నేను లోపలే ఉన్నానని ఆయనకు తెలుసు.

ఆయన్ని పని లోంచి తీసేశారు. తిల్దాలో ఒక రైస్ మిల్లులో బస్తాలు ఎక్కించే చోట చూసుకునే పని దొరికిందని కొన్నాళ్లకు విన్నాను. తర్వాత భార్యను తీసుకుని పలాస వైపు వెళ్లిపోయాడన్నారు. తిల్దాకు రైల్లో గంట ప్రయాణం కూడా ఉండదు. నాన్న రైల్వే పాస్ మా ఇంట్లోనే ఉండేది. నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు.

కొత్త కేబుల్ మాత్రం వేశారు. ప్రమాదం జరిగిన పది రోజుల్లోనే. షెడ్డు ఫోను మళ్లీ మోగింది.

ఆ తర్వాత సీరియల్ పోర్టుల కాలం పోయింది, ఫైబర్ వచ్చింది. నేను సొంతంగా నెట్‌వర్కింగ్ పనులు తీసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు నా దగ్గర ఐదారుగురు పనిచేస్తున్నారు. వాళ్లు నన్ను పట్టుదల గల మనిషంటారు.

కొన్నేళ్ల కింద అదే పారిశ్రామిక వాడలో ఒక గోదాముకు కెమెరాలు పెట్టే పని మీద వెళ్లి, రోడ్డు పక్క టీ బండి దగ్గర ఆగాను. టీ పోస్తున్నవాడి ఒక కన్ను మూసుకుపోయి ఉంది. మెడ దగ్గర చర్మం ముడతలు పడి మెరుస్తోంది. ఎలా జరిగింది భయ్యా అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు, నాకు తెలియనిది ఏముందని?

అతను ఎంతోమందికి చెప్పిన కథ చెప్పినట్టు చెప్పాడు. ఫర్నెస్ పేలడం, వాన, బండి రాకపోవడం. కోపం కూడా అరిగిపోయింది. చివరికి మాత్రం గ్లాసు నా చేతికిస్తూ ఛత్తీస్‌గఢీలో అన్నాడు. "ఓ తెలుగు బాబూ హా ఫోన్ నై కరిస్." ఆ తెలుగు బాబు ఫోన్ చెయ్యలేదట.

"శాయద్ ఫోన్ ఖరాబ్ రహా హోగా," అన్నాను. బహుశా ఫోను పాడై ఉంటుందేమో అని. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ నా నోట్లోంచి రాలేదు.

"ఖరాబ్ ఎందుకవుతుంది దీదీ? ఆఫీసర్లే చెప్పారు, తీగలన్నీ బాగానే ఉన్నాయని. కాగితం మీద ఎవరో ఇంజనీర్ సంతకం కూడా ఉందట," అన్నాడు హిందీలోకి మారి.

తల ఊపాను. టీ తాగాను. ఇంకొకటి ఇవ్వనా అని అడిగితే వద్దనలేక అదీ తాగాను. అప్పటి నుంచి ఆ వాడలో పని పడితే మా వాళ్లను పంపిస్తున్నాను.