గొడుగు ఉన్న ఫొటో

ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఒక్కటై వెతికినా దొరకని మనిషిని మా అమ్మమ్మ ఒక్క ప్రశ్నతో పట్టేస్తుంది. తన కళ్ళజోడు మాత్రం నేనే వెతికిపెట్టాలి.

నలభై ఏళ్ళు తన స్టూడియోలో తీసిన ఫొటోలన్నిటి జాబితానీ ఇప్పుడు వెబ్‌సైటులో సర్దుతోంది. అందులో పేర్లుండవు. "గళ్ళ చొక్కా, విరిగిన కుర్చీ" లాంటి గుర్తులే ఉంటాయి. ఫొటోలోనివాళ్ళో, వాళ్ళ పిల్లలో సరేనంటేనే బొమ్మ ఎక్కిస్తుంది. లేదంటే అది ఫొటోలు దాచిన రేకుపెట్టె దాటదు.

మొన్న ఒక బస్సు కండక్టరు వచ్చాడు. చనిపోయిన తల్లిది ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదట, ఎప్పుడో అమ్మమ్మ స్టూడియోలో మాత్రం ఒకటి దిగిందట.

"పేరు కొడితే రావట్లేదు మామ్మగారూ!"

"పేరుకే వస్తే దారినపోయేవాళ్ళందరికీ వస్తుంది నాయనా. ఫొటోలో ఆవిడ చేతిలో ఏముందో చెప్పు."

అతను బుర్ర గోక్కున్నాడు. "గొడుగండీ! ఫొటోకి కూడా గొడుగు వదల్లేదని నాన్న అమ్మని ఏడిపించేవాడు."

స్టూడియోలో గొడుగు పట్టుకుని నిలబడ్డది ఆవిడ ఒక్కతే. అమ్మమ్మ పెట్టె తీసి ఫొటో అతని చేతిలో పెట్టింది.

"అందరూ చూసేట్టు పెట్టమంటావా?"

"వద్దండీ. మా ఇంట్లోవాళ్ళు చూస్తే చాలు."

"సరే" అని అమ్మమ్మ పెట్టె మూసేసింది. ఎందుకని అడగలేదు.

ఇదంతా రాసి అమ్మమ్మకి వినిపించి, పైన నీ ఫొటో పెడతానే అన్నాను.

"ఫొటో వద్దు. ఆ మొదటి వాక్యం మరీ గొప్పలు, కొట్టెయ్. అయినా నన్నడిగే రాశావా ఇదంతా?"